లాంచీలో లేని నన్ను లెక్కపెట్టిందెవరు?

ఖమ్మంలోని ట్రావెల్స్ ఆఫీసుకు మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ కూర్చోమన్నారు, ఎవరూ పలకలేదు. అందుకే ఇక మీదట వెళ్లేవాళ్ల కోసమైనా ఇక్కడ రాస్తున్నాను.

పగలు గోదావరిలో లాంచీ, మధ్యలో ఒడ్డున ఒక గంట విడిది, సాయంత్రం కొత్తగూడెం నుంచి అడవీ కొండలూ చూసుకుంటూ రైలు. ఇదీ ప్యాకేజీ. రైల్లో కిటికీ సీటు తనకేనని మా ఆవిడ సుగుణ కల్లూరులో బయల్దేరేటప్పుడే మాట తీసుకుంది. బావమరిది శ్రీను కూడా వచ్చాడు. మా అమ్మాయి పెళ్లిలో నాకు చెప్పకుండా వంటవాణ్ణి మార్చింది ఇతనే.

తొమ్మిదికి భద్రాచలంలో లాంచీ కదిలింది. ఉప్మా చల్లారిపోయింది, టీ బాగుంది. పదకొండుకు అడవి అంచున ఒక కోయ ఊరి దగ్గర ఆపారు. మోకాళ్ల నొప్పితో సుగుణ దిగలేదు.

"చిక్కుడుకాయలు దొరికితే పట్టుకరా. జల్దీ రా" అంది.

మొదటి ఇంటి పందిరి నిండా చిక్కుడుకాయలే. రెండు కిలోలు కావాలని అక్కడున్న ముసలమ్మను అడిగాను.

"ఇయ్యం సార్. ఇంకా కొత్త పండుగ చెయ్యలే."

"తినేది నేను కదమ్మా?"

"తెంపేది మేమే గద. పండుగ చేసి దేవతకు పెట్టినంకనే తెంపుతం. అప్పుడు రా, ఊకెనే ఇస్త."

ధర పెంచాను. ఆమె నవ్వి లోపలికి పోయింది. పక్కింట్లోనూ అదే మాట. మూడో ఇంటి దగ్గర అడుగుతుండగా హారన్ వినపడింది. రేవుకు చేరేసరికి లాంచీ నది మధ్యలో ఉంది. ఫోన్‌కు సిగ్నల్ లేదు.

ఒకాయన బైకు మీద భద్రాచలంలో దింపాడు. రేవులో మా లాంచీ లేదు, మావాళ్లూ లేరు. సుగుణ ఫోన్ కలవలేదు. అందరూ స్టేషన్‌కు పోయి ఉంటారనుకుని బస్సెక్కాను. కొత్తగూడెంలోనూ ఒక్క మొహం కనపడలేదు. ముందే రైలెక్కారా, ఇంకా రాలేదా? తేల్చుకునేలోపు బండి కదిలింది. టికెట్ ఎలాగూ కొన్నాను, ఎక్కేశాను.

కిటికీ పక్కన తువ్వాల వేసి పెట్టాను. బుట్టతో ఒకామె వచ్చింది.

"ఈడ ఎవరన్న ఉన్నరా?"

"మా ఆవిడ."

"ఏది మరి?"

"తెల్వదు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, బుట్ట కింద పెట్టి దాని పక్కనే కూర్చుంది. టేకు చెట్ల వెనక కొండలు నల్లబడుతున్నాయి. డోర్నకల్ దగ్గర సుగుణ ఫోన్ వచ్చింది.

"ఏందయ్యా, నువ్వేడున్నవ్? నీకోసం లాంచీ మళ్లీ తిప్పిచ్చినం. ఆ ఊరంతా తిరిగినం. రైలు పాయె. అందరు నన్నే తిట్టవట్టిరి."

"వదిలేసి ఎందుకు పోయిండ్రు మరి?"

"లెక్క సరిపోయిందని గైడ్ అన్నడు. నువ్వు లాంచీల కింది అంతస్తుల కూసున్నవని మా శ్రీను అన్నడు." మళ్లీ తనే అడిగింది. "కొండలు మంచిగున్నయా?"

దారంతా ఆ ఖాళీ సీటునే కాపలా కాశాను.

మీరు వెళితే, పండుగకు ముందు చిక్కుడుకాయలు అడగకండి. లాంచీ దిగితే గైడ్‌కు చెప్పి దిగండి. శ్రీనును అడిగితే గైడ్ అంటాడు, గైడ్‌ను అడిగితే ఆఫీసంటాడు. సుగుణ మాత్రం కొండల సంగతి ఇంకా అడుగుతూనే ఉంది. లేని నన్ను లెక్కపెట్టిందెవరు? ఆ రైల్లో ఆమెకు మళ్లీ కిటికీ సీటు ఇస్తారా, ఇవ్వరా? ట్రావెల్స్ ఆఫీసువారూ, నాలుగోసారి వస్తున్నాను. ఈసారి కూర్చోను. జవాబు చెప్పండి.