నిన్న రాత్రి బస చేసినవారు ఒకరు

ప్రసూనది తుమ్మితే ఊడే ముక్కులాంటి కొలువు. చండ్రుగొండ నుంచి స్కూటీ మీద బయలుదేరి, భద్రాచలం దారిలో ఉన్న లాడ్జీలన్నీ తిరిగి, ఎందరు దిగారో, ఎక్కడి నుంచి వచ్చారో రాసుకురావడం ఆమె పని. సర్కారు టూరిజం లెక్కల కోసం ఒక ప్రైవేటు ఏజెన్సీ పెట్టుకున్న మనిషి. ఏళ్ల తరబడి కాలికి బలపం కట్టుకుని తిరిగింది. లాడ్జీలవాళ్లు చెప్పేవి సగం కాకిలెక్కలని ఆమెకూ తెలుసు, ఏజెన్సీకీ తెలుసు. అయినా వెళ్లిన ప్రతిచోటా టీ పోసేవారు, కష్టసుఖాలు చెప్పుకునేవారు.

ఆ తిరుగుడులో చివరిది, దమ్మపేట దాటాక అడవి అంచున ఉన్న నిత్యసహాయమాత లాడ్జి. నాలుగు గదులు, రేకుల వరండా. అంతోనమ్మ, ఆమె భర్త ఆంథోని కలిసి కట్టుకున్నది. రాముడి కల్యాణానికి పోయే యాత్రికులు ఒకప్పుడు అక్కడ మేరీమాత పటం కింద గుర్రుపెట్టి నిద్రపోయేవారు. తర్వాత ఆంథోని పోయాడు. కొత్త రోడ్డు అవతలి నుంచి వేశారు, యాత్రికులు దాని వెంటే పోయారు. పిల్లలు లేని అంతోనమ్మ ఒక్కతే మిగిలింది. ప్రసూన వస్తే జామకాయ కోసి ఉప్పూకారం అద్ది పెట్టేది, ఖాళీ గదులు నాలుగూ తాళాలు తీసి చూపించేది. "లెక్క రాసుకునేదానివి, చూడకుండ రాస్తవా బిడ్డా?" అనేది. ప్రసూనకు తల్లి లేదు. ఆ వరండాలో కూర్చుంటే ఇంటికి పోబుద్ధయ్యేది కాదు.

అంతలో యాప్ వచ్చింది. పెద్ద లాడ్జీల కంప్యూటర్లు తమంతట తామే లెక్క పంపుతాయి, చిన్న లాడ్జీలవాళ్లు రోజూ పొద్దున ఫోన్లో నిన్న రాత్రి బస చేసినవారి సంఖ్య కొడతారు. ప్రసూన ఆఫీసులో కూర్చుని, లెక్క అందినట్టు తెర మీద పడే పచ్చ టిక్కులు చూసుకుంటే చాలు. అంతోనమ్మకు నేర్పడానికి ఆఖరుసారి వెళ్లింది.

"అయితే నువ్వు రావా ఇంక?"

"ఫోన్ చేస్తుంట గద పెద్దమ్మా. నువ్వు పొద్దున నంబరు కొట్టు, నాకు కనపడ్తది."

"కనపడ్తదా నీకు?" ముసలామె ముఖం విప్పారింది.

మర్నాటి నుంచి ఆ లాడ్జి లెక్క రోజూ 'ఒకటి' అనే వచ్చేది. ఎవరో పాపం దిగారనుకుంది ప్రసూన. ఎన్నాళ్లయినా ఆ ఒకటి కదలకపోయేసరికి ఫోన్ చేసింది.

"ఎవరున్నరు పెద్దమ్మా?"

"నేనే. రాత్రి ఈడ ఎవరు పండుకున్నరని గద అడిగేది? నేను పండుకోలే? నేను మనిషిని కానా ఏంది?"

ప్రసూన పడీపడీ నవ్వింది. అప్పటి నుంచి ఆ ఒకటి చూశాకే టీ తాగేది. "మా పెద్దమ్మ లేచింది" అని పక్కసీటామెకు చెప్పేది.

అది సూపర్‌వైజర్ జయప్రకాశ్ కంట పడింది. "ఓనరు గెస్టెట్లయితది? మొత్తం లెక్కే తప్పయితది. ఆ లాడ్జిని ఆటోమేటిక్‌లో పెట్టు. వాళ్లేం పంపకున్నా సున్నా అని యాపే వేసుకుంటది."

అతను చెడ్డవాడేం కాదు, చెప్పింది న్యాయమే. ప్రసూనకు కొలువు భయం. బటన్ నొక్కింది. అంతోనమ్మకు ఫోన్ చేసి, "ఇంక నువ్వేం కొట్టనక్కర్లేదు పెద్దమ్మా, అదే వేసుకుంటది" అంది. ముసలామె "గట్లనా. మంచిది బిడ్డా" అని పెట్టేసింది.

తర్వాత ఫోన్లు తగ్గాయి. పచ్చ టిక్కు రోజూ కనబడుతూనే ఉంది కదా.

ఆ వానాకాలం వాగులు పొంగి అటువైపు దారి తెగిపోయింది. ప్రసూన మనసు కీడు శంకించింది. ఫోన్ కలవలేదు, వానకు టవరు పోయి ఉంటుందనుకుంది. తెర చూసింది. నిత్యసహాయమాత లాడ్జి, సున్నా, పచ్చ టిక్కు. లెక్క వస్తోందంటే బాగానే ఉన్నట్టే అనుకుంది. ఆ సున్నా ఎవరూ పంపింది కాదని, తాను నొక్కిన బటనే వేస్తోందని ఆ క్షణాన తట్టలేదు. వింటే మనకు కోపం వస్తుంది. కానీ పచ్చరంగు చూసి నిశ్చింతపడనిదెవరు?

వాగు తగ్గాక మేకలు తోలుకొచ్చిన బొజ్జయ్య చూశాడు. అంతోనమ్మ తడి వరండాలో జారిపడిందట. తుంటి విరిగి, నీళ్లకుండ దాకా పాకబోయిందట. కుండ అందలేదు. పడ్డాక ఒకట్రెండు రోజులు ప్రాణం ఉండిందని, ఆ తర్వాతే పోయిందని దవాఖానాలో చెప్పారు. ఆ మాట ప్రసూన గుండెను కోసేసింది. రోజూ ఆ ఒకటి వచ్చే ఏర్పాటే ఉండి ఉంటే, అది రాని పొద్దునే ఊళ్లోవాళ్లను లేపేది, వాగు దాటించేది, ఏదో ఒకటి చేసేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

సమాధి మీద మట్టి వేసి వస్తుంటే జయప్రకాశ్ ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి, "ఆ లాడ్జి పేరు తీసెయ్యి ప్రసూనా. ఈరోజు గూడ టిక్కు పడ్డది" అన్నాడు.

ప్రసూన దారి పక్కనే కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే అంది.

"ఆమె ఉన్ననని రోజూ చెప్పింది సార్. మనమే లేదని రాసుకున్నం."