వాయిదా అడగని కోటు

2022 వానాకాలం. బళ్లారి కోర్టు పక్క సందులో నా టైలర్ అంగడి. వకీళ్ల నల్లకోట్లే నా బతుకు. నేను కుట్టిన కోటు వేసుకుంటే సగం కేసు గెలిచినట్టేనని ఊళ్లో ఒక మాట ఉంది. పుట్టించింది నేనే. ఒక పెద్ద వకీలు నా కోటును కొయ్యకు తగిలించి టీకి వెళ్తే, అదే లేచి నిలబడి వాయిదా అడిగిందని కూడా చెబుతుంటాను.

ఆ రోజు వచ్చిన లాయరమ్మ రేణుక. యశ్వంతనగర్‌లో ఖనిజం లారీ తోలే ఆయన కూతురు, వాళ్ల వీధిలోనే మొదటి వకీలు. ఏడో నెల. కోటు బొత్తాం పడటం లేదు. మగవాళ్ల పెద్ద సైజు రెడీమేడ్ కొంటే భుజాలు జారిపోయాయట. సోమవారం ఆమెకు ఫైనల్ ఆర్గ్యుమెంట్స్, అంటే తీర్పుకు ముందు చివరి వాదన. కప్పగల్లులో ఒక ముసలామెను మరుదులు ఇంట్లోంచి వెళ్లగొట్టారు. ఆమె చుట్టాల వసారాలో పడుకుంటూ, తన ఇల్లు తనకు ఇప్పించమని వేసిన కేసు అది. మొదటి నుంచీ నడిపింది రేణుకే. ఇప్పుడు సీనియర్ ఆ ఫైలు ఇంకొకరికి ఇస్తానంటున్నాడు. కోటే పట్టనిదానివి కోర్టులో ఎట్లా నిలబడతావని అడిగాడట.

"ఇట్లాంటివి నూరు కుట్టినాను, భయపడొద్దమ్మా," అన్నాను అలవాటుగా.

ఆమె చేతులు కట్టుకుని నన్నే చూసింది. "ఆ నూరుమంది యాడుండారప్పా? మా బార్‌లో ఈ నెలల్లో వాదించినామె ఒక్కరూ లేరే. అందరినీ ఇంటికి పంపించినారు."

నా అబద్ధం దొరికిపోయింది. టేపు అందుకుని కొలతలు తీసుకున్నాను.

నా ప్యాటర్న్‌లు, అంటే గుడ్డ మీద పెట్టి గీసుకునే అట్టలు, అన్నీ మగవాళ్ల కొలతలవే. ఆడవాళ్లకు వాటినే కాస్త తగ్గించేవాణ్ణి. ఈసారి ఖాళీ అట్ట పరిచి కొత్తగా గీశాను. పక్క కుట్లలో మడతలు దాచి, లోపల ఎలాస్టిక్ వేశాను. ట్రయల్‌లో ఆమె చేతులెత్తింది, వంగింది, ఫైళ్లు మోసి చూసుకుంది.

"బిడ్డ తన్నితే పిగిలిపోదు కదా?"

"నీ బిడ్డ తన్నేది అవతలి వకీలునమ్మా," అన్నాను.

కోటు పట్టేసరికి సీనియర్ ఫైలు ఆమెకే వదిలేశాడు. సోమవారం అంగడి మూసి, నా కోటును చూసుకుందామని కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. అవతలి వకీలు లేచాడు. మేడమ్ పరిస్థితి చూస్తే జాలేస్తోందని, కాన్పయ్యాక వాయిదా వేసినా తమకు అభ్యంతరం లేదని ఎంతో దయగా చెప్పాడు. ముసలామె ముఖం పాలిపోయింది. జడ్జిగారు రేణుక వైపు చూశారు.

"వాయిదా వద్దు స్వామీ. నేను సిద్ధం," అంది కన్నడంలో.

కోటును చూడటానికి వెళ్లినవాణ్ణి, మధ్యాహ్నం దాకా దాని సంగతే మరిచిపోయాను. ముసలామెకు ఇల్లు దక్కింది. తీర్పు వినడానికి రేణుక చంటిపాపతో వచ్చింది.

కత్తెర పట్టే ముందు మనిషిని చూడాలని ఆ కేసు నాకు నేర్పింది. రేణుక కోటుకు గీసిన ఆ అట్ట ఇప్పుడు అంగడిలో మొదటి కొక్కేనికి వేలాడుతోంది, అంచులు నలిగి. మొన్న కుడతిని నుంచి ఒక లాయరమ్మ వచ్చింది, రేణుక దగ్గర జూనియర్. ఆమెకూ నెలలు నిండుతున్నాయి.

"ఇట్లాంటివి చానా కుట్టినానమ్మా," అన్నాను. నిజమే చెప్పాను.

ఆమె నవ్వింది. "నీ సంగతి రేణుకక్క ముందే చెప్పింది లేప్పా."