ఆ బండి ఆత్మకూరు దాకా ఎలా వచ్చింది

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వే మనిషిని నేను. అనంతసాగరం మండలంలో ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. గాలి సోకిందనీ దిష్టి తగిలిందనీ పిల్లలు ఏదైనా అంటే, చూశారా, కొలిచారా అని అడుగుతాను. అలాంటి నేను ఇది రాయాల్సి వస్తుందని అనుకోలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది ఆత్మకూరు. మా ఆయనకు అక్కడే పెయింట్ల కొట్టు ఉంది. నాలుగేళ్ల క్రితం ఏడుగురు పట్టే డీజిల్ బండి ఒకటి సెకండ్ హ్యాండులో తీసుకున్నాం. కుటుంబమంతా ఒకేసారి తిరగొచ్చని సంబరపడ్డాం గానీ, ఏడాది తిరక్కుండానే క్లచ్ ప్లేట్లు పోయాయి. ఆ తర్వాత రేడియేటర్ కారింది. తర్వాత ఏసీ కంప్రెసర్. ఒకటి బాగుచేయించేసరికి ఇంకొకటి. మా ఆయన జీతం లేని మెకానిక్ అయిపోయాడని మరిది శ్రీధర్ ఎగతాళి చేసేవాడు.

ఆ వేసవిలో బండి కింద నుంచి గరగరమని శబ్దం మొదలైంది. మాకు అలవాటైన మెకానిక్ మస్తాన్ కిందకి దూరి చూశాడు. ప్రొపెల్లర్ షాఫ్ట్ అరిగిందన్నాడు. ఇంజన్ తిప్పే బలాన్ని వెనక చక్రాలకు అందించే పొడవాటి ఇనుప గొట్టం అది. మా బండిలో ఇంజన్ తిప్పేది వెనక చక్రాలనే. ముందువి ఊరికే దొర్లుతాయి.

"జాయింట్ పోయింది, బోల్టులు కూడా వదులైనాయి. ఇది మార్చేదాకా దూరం పోబాకండమ్మా" అన్నాడు మస్తాన్.

అప్పటికే ఏసీకి బోలెడు పెట్టి ఉన్నాం. వచ్చే నెల చేయిద్దామన్నాడు మా ఆయన. సరేనన్నాను. ఆ సరే నాదీ, ఆయనొక్కడిదే కాదు.

ఒక ఆదివారం ఉదయగిరిలో మా ఆడపడుచు కడుతున్న ఇల్లు చూడటానికి ముగ్గురం వెళ్లాం. నేను, మా ఆయన, శ్రీధర్. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన గోడ పక్కన పేర్చిన టైల్సు చూద్దామని వాటి మీద కప్పిన పట్టా లేపాడు. దాని కింద నాగుపాము ఉంది. కుడి చేతి మణికట్టు మీద కాటేసింది.

ఊళ్లోనే ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు ఆలస్యం చేయలేదు, విరుగుడు ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. కానీ గంట లోపలే మా ఆయన కనురెప్పలు వాలిపోసాగాయి. మాట ముద్దగా వచ్చింది. ఊపిరి అందకుండా పోవచ్చు, శ్వాస మిషను ఆత్మకూరులో ఉంది, నేను ఫోన్ చేసి చెబుతాను, అంబులెన్సు కోసం చూడకుండా వెంటనే బయల్దేరండి అన్నాడు డాక్టరు. శ్రీధర్‌కి బండి నడపడం రాదు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. వెనక సీట్లో వాళ్ల అన్నను ఒళ్లో పెట్టుకుని శ్రీధర్ కూర్చున్నాడు. టైము రెండున్నర.

ఉదయగిరి పొలిమేరలో రోడ్డు మీద గుంట ఒకటి ఉంది. తప్పించే వీల్లేక దాంట్లో దించాను. కింద ధడేల్‌మని శబ్దం. ఏదో రాసుకుంటూ పోయి పడినట్టయింది. ఎవరో ఆడమనిషి కేక వేయడం కూడా విన్నాను. ఆగలేదు. ఆగితే మా ఆయన పోతాడని ఒక్కటే తోచింది.

ఆ తర్వాత బండి కింద శబ్దం లేదు. నెల రోజులుగా వింటున్న గరగర పూర్తిగా ఆగిపోయింది.

"వదినా, బండి ఏంది ఇంత నిమ్మళంగా పోతా ఉండాది?" అన్నాడు శ్రీధర్.

నాకు అప్పటికే ఇంకొకటి తెలుస్తోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది, స్పీడు ముల్లు వంద దాటుతోంది. బండి వేగం మాత్రం పెరగడం లేదు. కాలు తీస్తే ముల్లు పడిపోతోంది. బండి వేగం తగ్గడం లేదు. బయట చెట్లు, కిలోమీటరు రాళ్లు ఒకే తీరుగా వెనక్కి పోతున్నాయి. ఆ రోడ్డంతా ఎత్తుపల్లాలే. ఎత్తు ఎక్కేటప్పుడూ అంతే, దిగేటప్పుడూ అంతే.

సగం దారిలో గేదెలు అడ్డం వచ్చాయి. బ్రేకు తొక్కాను. బండి దాదాపు ఆగింది. గేదెలు దాటాయి. అక్కడ రోడ్డు ఎత్తుగా ఉంది. బ్రేకు మీద నుంచి కాలు తీశాను. కుడికాలు యాక్సిలరేటర్ మీద ఇంకా పెట్టనే లేదు. బండి మెల్లగా ముందుకు కదిలింది, ఆ ఎత్తు ఎక్కింది, మళ్లీ అదే వేగం అందుకుంది. స్టీరింగు గట్టిగా పట్టుకుని రోడ్డునే చూస్తూ ఉండిపోయాను.

"అన్నా, కళ్లు తెరువు. నన్ను చూడన్నా" అంటూ వెనక శ్రీధర్ ఆపకుండా పిలుస్తూనే ఉన్నాడు. చివరి అరగంట మా ఆయన దగ్గర్నుంచి ఊ అనే సమాధానం కూడా లేదు. ఊపిరి మాత్రం గురగురమని వినిపించేది. ఆ చప్పుడు ఆగుతుందేమోనని దాని కోసమే చెవి పెట్టి నడిపాను.

ఆత్మకూరు ఆసుపత్రి గేటు ముందు బ్రేకు వేశాను. స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. లోపలికి తీసుకెళ్లి వెంటనే మిషను పెట్టారు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఏమీ చెప్పలేకపోయేవాళ్లమని అక్కడి డాక్టరు తర్వాత అన్నాడు. మూడో రోజు మా ఆయన సొంతంగా ఊపిరి తీసుకున్నాడు. ఇప్పుడు బాగున్నాడు.

ఆయన్ని చేర్చిన రోజు సాయంత్రమే గేటుకు అడ్డంగా ఉన్న బండి తీయమని వాచ్‌మన్ అడిగాడు. స్టార్టయింది, గేరు పడింది, బండి కదల్లేదు. నలుగురు కలిసి పక్కకు తోశారు. పొద్దున మస్తాన్ వచ్చి కిందకి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"షాఫ్ట్ ఏదమ్మా?" అన్నాడు లేచి. "దేనికి కట్టి లాక్కొచ్చినారు ఈ బండిని?"

నేనే నడుపుకుంటూ వచ్చానన్నాను. మస్తాన్ నన్నూ బండినీ మార్చి మార్చి చూశాడు. వెనక బోల్టులు తెగిపోయి, షాఫ్ట్ మొత్తం గేరుబాక్సులోంచి ఊడి పడిపోయిందట. ముల్లు ఎందుకు అలా ఎగిరిందో కూడా చెప్పాడు. మా బండిలో అది చక్రాల వేగం చూపించదు, గేరుబాక్సు తిరిగే వేగం చూపిస్తుంది. అంటే నేను ముల్లు ఎగరడం చూసినప్పటికే షాఫ్ట్ లేదు.

అయినా ఆసుపత్రి దగ్గరే ఎక్కడో పడిపోయి ఉంటుందని నన్ను నేను సమాధానపరచుకున్నాను. మర్నాడు శ్రీధర్ బైకు మీద దారంతా వెతుక్కుంటూ పోయాడు. ఉదయగిరి పొలిమేరలో, ఆ గుంట పక్కనే, టీ బంకు నడిపే ఆవిడ దగ్గర దొరికింది. పాత ఇనుము వాళ్లకు వేయకుండా దాచి పెట్టిందట.

"మధ్యాన్నం తెల్లబండి కిందనించి ఊడి పడింది నాయనా. అరిచినాను. మీరు ఇనుకోకుండా పోయినారు" అందట ఆవిడ.

దాన్ని ఆటోలో వేసుకుని తెచ్చాడు. మస్తాన్ మా బండి కింద పెట్టి చూశాడు. బోల్టులు తెగిన చోట ముక్కకు ముక్క సరిపోయింది. అది మాదే.

పల్లంలో దొర్లి వచ్చిందంటారా, అంత దూరం పల్లం ఎక్కడా లేదు. గాలి తోసిందంటారా, ఆ ఎండలో ఆకు కదల్లేదు. భయంలో నాకు అలా అనిపించిందంటారా, ఒప్పుకునేదాన్నే. కానీ షాఫ్ట్ ఉదయగిరిలో ఉంది, బండి ఆత్మకూరులో ఉంది.

నెల తర్వాత కొత్త జాయింట్ వేసే ముందు, షాఫ్ట్ లేకుండానే ఒకసారి నడిపి చూస్తానని మస్తాన్‌ని అడిగాను. వద్దన్నాడు. పట్టుబట్టాను. షెడ్డు ముందు చదును నేల మీద స్టార్ట్ చేసి, మొదటి గేరు వేసి, క్లచ్ వదిలాను. ఇంజన్ అరిచింది. ముల్లు లేచింది. కిటికీ పక్కన ఉన్న షెడ్డు గోడ ఉన్నచోటే ఉంది. రెండో గేరు, మూడో గేరు. గోడ అక్కడే ఉంది.

మస్తాన్ వచ్చి తాళం తిప్పి ఇంజన్ ఆపాడు.

"చూసినారు కదమ్మా. ఇంక నమ్మకం కుదిరిందా?"

"ఏం నమ్మమంటావు మస్తాన్?" అన్నాను.

అతను గుడ్డముక్కతో చేతులు తుడుచుకున్నాడు. షాఫ్ట్ తీసుకుని బండి కిందకి దూరాడు.