నాలుగో డోర్ కార్పెట్

నిన్న చెప్పుల దుకాణంలో గమ్ వాసన తగలగానే కోరుట్లలో మా బాపు కార్ల సీట్ల షాపు గుర్తొచ్చింది. అంబాసిడర్ కార్లు గుర్తున్నాయా మీకు? డోర్ల లోపలి అట్టలు విప్పి, వాటికి మెరూన్ కార్పెట్ అతికించి, గమ్ పట్టేదాకా బరువుకని నన్నూ చెల్లినీ వాటిమీద కూర్చోబెట్టేవాడు బాపు.

తెలంగాణ బంద్ రోజు కూడా షట్టర్ సగం దించి కూర్చోబెట్టాడు.

"గీ నాలుగో డోర్ అయితే బండి ఇచ్చేస్త," అన్నాడు.

రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. ఆ మంట షాపు ముందున్న ఆ అంబాసిడర్ బండికే పాకింది.

"అన్నా, నీ షాపు ముందట కారు కాలుతాంది!" అని ఎవరో అరిచారు.

బాపు బకెట్ పట్టుకుని ఉరికాడు. ఒక్క బకెట్‌తో ఏం ఆరుతుంది? ఖాళీ బకెట్‌తో తిరిగొచ్చాడు.

మేం లేవబోయాం. బాపు వంగి, కార్పెట్ అంచును బొటనవేలితో నొక్కి చూశాడు.

"లేవకుండ్రి బిడ్డా. గమ్ ఇంకా పట్టలే."