రిజిస్టరులో అరగంట

పరిశోధనశాలలో గొర్రెలను చూసుకునే ఆయన్ని అందరూ అర డాక్టరు అనేవారు. వెటకారానికి పెట్టిన పేరే. ఆయన మాత్రం నిజంగా పట్టా వచ్చినట్టే మురిసిపోయేవాడు. పదహారేళ్లుగా చూడి గొర్రెల పక్కనే ఉన్నవాడికి ఆ మాత్రం గీర ఉండకూడదా అంటే, ఉండవచ్చు. ఎంతవరకన్నదే సంగతి.

అక్కడి పని ఇది. చూడి గొర్రె ముఖానికి తొడుగు వేసి, సరిగ్గా అరగంట సేపు ఆక్సిజన్ తగ్గించిన గాలి వదులుతారు. తల్లికి తగ్గితే కడుపులోని పిల్లకూ తగ్గుతుంది. అది అరవలేదు, పారిపోలేదు. దాని కంగారంతా ఒక హార్మోనుగా నెత్తురులోకి దిగుతుంది. ముందే అమర్చిన సన్నని గొట్టంలోంచి పిల్ల నెత్తురు కాస్త తీసి, ఆ హార్మోను ఎంత పెరిగిందో, మామూలు గాలి వదిలాక ఎంతసేపటికి తగ్గిందో పరిశోధకురాలు కొలుస్తుంది. కాన్పు కష్టమై ఊపిరందని పసికందులకు ఎప్పటికైనా పనికొస్తుందని ఆమె ఆశ. గొర్రెను నిమురుతూ కూర్చోవడం, గడియారం చూసి వాల్వు తిప్పడం, ఎంతసేపు పట్టిందో రిజిస్టరులో రాయడం అర డాక్టరు వంతు.

పదిహేనో గొర్రె రోజున, తొడుగు వేసిన ఇరవై నిమిషాలకు ఆమె నెత్తురు సీసా తీసుకుని, మళ్లీ నెత్తురు తీయడానికి గంటలో వస్తానని చెప్పి పక్క గదికి వెళ్లింది. దాణా బస్తాలు తెచ్చిన వ్యాను డ్రైవరు తలుపులోంచి తొంగి చూశాడు.

"ఏంటి డాక్టరుగారూ, గొర్రెకి ముసుగేశారు?"

అడగడమే పాపం, ఈయన వరండాలోకి వచ్చి కోతలు మొదలుపెట్టాడు. కడుపులో పిల్ల గుండె ఎలా కొట్టుకుంటుందో, తాను లేకపోతే మేడమ్‌కి కాలూ చెయ్యీ ఎలా ఆడవో అన్నీ చెప్పాడు. డ్రైవరు నోరు తెరుచుకుని విన్నాడు. అంత శ్రద్ధగా వినేవాళ్లు ఇంట్లో దొరకరు మరి. లోపలికి వచ్చి చూస్తే అరగంట మీద ఇంకో ఇరవై నిమిషాలు దాటిపోయాయి. గొర్రె డొక్కలు ఎగరేస్తూ ఆయన వంకే చూస్తోంది. గబుక్కున వాల్వు తిప్పాడు. రిజిస్టరులో మాత్రం "ముప్పై నిమిషాలు" అని గుండ్రంగా రాశాడు.

తొమ్మిది రోజుల తర్వాత ఆమె పరుగు పరుగున కొట్టం దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, మామూలు గాలి ఇచ్చాక కూడా ఆ పిల్లకి హార్మోను దిగలేదు. మిగతా పద్నాలుగింటిలో ఇలా ఒక్కటీ లేదు. సోమవారం పెద్దలందరి ముందూ చెప్పబోతున్నాను. అంతా మీ చేతి చలవే."

ఆయన దాణా తొట్టి కడగడం మొదలుపెట్టాడు. అది అప్పటికే కడిగి ఉంది.

ఆ తర్వాత రెండు రోజులూ తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఇంకా కళ్లు తెరవని పిల్ల తనకు ఎంతసేపు ఊపిరాడలేదో దాచకుండా చెప్పింది. అరవై దగ్గరపడ్డ తాను దాచాడు. ఆ గొర్రె ఎప్పటిలాగే వచ్చి ఆయన చేతిలో మేత తింటుంటే తల కొట్టేసినట్టయ్యేది.

"గొర్రెకేమైనా అయిందా?" అని భార్య అడిగింది.

"గొర్రెకేం కాలేదు. నేనే అబద్ధం రాశాను."

ఆవిడ అంతా విని, "ఆ అమ్మాయి అందరి ముందూ నవ్వులపాలు కాకముందే చెప్పేయండి. తిడితే పడండి," అంది.

ఆదివారం పొద్దున్నే వెళ్లి చెప్పాడు. తిడుతుందనుకున్నాడు, ఉద్యోగం పోతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. రిజిస్టరు తెరిచి పదిహేనో గొర్రె పేజీ మీద అడ్డగీత గీసింది. గండం గడిచిందనుకున్నాడు ఆయన.

అప్పుడామె వెనక్కి తిప్పింది. రెండేళ్ల పేజీలు. ప్రతి పేజీలోనూ ఆయన చేతిరాతే.

"మిగతా పద్నాలుగూ, బాబాయ్?"

"అవన్నీ నిజమేనమ్మా. నా పిల్లల మీద ఒట్టు. గడియారం చూసే రాశాను."

అది నిజమే. నిమిషం కూడా తేడా లేదు. ఆమె ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది, నమ్మాలనే చూసింది. తర్వాత తల దించుకుని మొదటి గొర్రె పేజీకి వెళ్లి, అక్కణ్ణుంచి ఒక్కొక్కదాని మీదా అడ్డగీత గీసుకుంటూ వచ్చింది.