కదలని మీటలు

మొన్న జనగామ నుంచి బచ్చన్నపేటకు మా అక్క కొడుకు కొత్త కారులో బయల్దేరాం. ఊరు దాటగానే వాడు స్టీరింగ్ మీద ఏదో బటన్ నొక్కి, కుడికాలు మడిచి సీటు మీద పెట్టుకుని, "పరేషాన్ గాకు మామా, స్పీడు గదే సూస్కుంటది" అన్నాడు. నేను తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాను. విమానాలు నడిపి రిటైరైన మనిషికి కారంటే ఇంత భయమేమిటని మీరు నవ్వుకోవచ్చు.

నేను కో-పైలట్‌గా చేరిన రోజుల్లో, విమానం దిగేటప్పుడు కెప్టెన్ చెయ్యి ఇంజన్ మీటల మీద ఉండేది. వేగం సర్దే పని యంత్రమే చేసినా, దానితోపాటు ఆ మీటలూ ముందుకూ వెనక్కూ కదిలేవి కాబట్టి, కళ్లు రన్‌వే మీదున్నా ఇంజన్ ఏం చేస్తున్నదీ అరచేతికి తెలిసిపోయేది. తర్వాత వచ్చిన కొత్త విమానంలో, యంత్రం ఇంజన్‌ను పెంచినా తగ్గించినా మీటలు ఉన్నచోటే ఉండేవి. అయినా నన్ను కొడుకులా చూసుకునే మా పెద్ద కెప్టెన్ పాత అలవాటు కొద్దీ చెయ్యి వాటి మీదే వేసి నిశ్చింతగా కూర్చునేవాడు.

ఒకనాటి మధ్యాహ్నం, దుమ్ము పట్టిన ఎండలో, రన్‌వే కోసం ఇద్దరం కళ్లు చికిలించుకుని బయటికే చూస్తున్నాం. వేగాన్ని యంత్రం నిలబెడుతోందని మా ధీమా. కానీ కిందికి దిగడానికి మేము ఎంచుకున్న పద్ధతిలో అది ఇంజన్‌ను పూర్తిగా తగ్గించి ఊరుకుంది. ఆ సంగతి తెర మీద చిన్న అక్షరాల్లో చూపింది కూడా, మేమే చూడలేదు. ఎందుకో నా కన్ను వేగం మీద పడింది. అది ప్రమాదకరంగా పడిపోయి ఉంది. "స్పీడ్!" అని నేను అరిచిన అరుపు నాకే ఎవరిదోలా వినిపించింది. కెప్టెన్ మీటలు ముందుకు తోశాడు. ఇంజన్లు అందుకునేదాకా కిందికి జారుతూనే ఉన్నాం, పొలాలను గాలిలోంచి అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. మళ్లీ చుట్టు తిరిగి క్షేమంగా దిగాక, ప్రయాణికులు కబుర్లాడుకుంటూ వెళ్లిపోతుంటే, ఆయన తన అరచేతిని చూసుకుంటూ కూర్చుండిపోయాడు.

సెలవుకు ఇంటికి వచ్చి చెబితే, మా బాపు పత్తి ఏరుతున్న చెయ్యి ఆపి, "నువ్వు సూడకుంటే ఏమయితుండె బిడ్డా?" అన్నాడు.

చెరువు కట్ట మలుపు దగ్గర మా వాణ్ణి అడిగాను, తెర చూడకుండా చెప్పమని, ఇప్పుడెంత వేగంలో ఉన్నామో. "నాకేం తెల్సు మామా" అని నవ్వాడు. మా కాలంలో యంత్రం పని చేస్తుంటే మోతో, అదురో, ఏదో ఒకటి ఒంటికి తగిలి చెప్పేది. ఇప్పుడు యంత్రాలు ఎంతో మెత్తగా పని చేస్తూ, అంతే మెత్తగా మనల్ని పక్కకు జరిపేశాయి. బచ్చన్నపేట వచ్చేదాకా నా కుడికాలు, నా ముందు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.