ఎడమకాలికి కాటా

పందొమ్మిది వందల యాభైల్లో నేను కర్నూలు కాలేజీలో చదివేటప్పుడు మా వ్యాయామం మాస్టరు మద్రాసులో ఏదో శిక్షణ పొంది, సరంజామాతో తిరిగొచ్చాడు. డిగ్రీలు గీసిన చెక్కపలక, స్టాప్‌వాచీ, వేపమానుకు కట్టిన స్ప్రింగు కాటా. కాటా కొక్కేనికి తోలుపట్టీ, ఆ పట్టీ మా చీలమండకు. కాలు ముందుకు విసిరితే ముల్లు ఎంత కదిలిందో, పలక మీద కాలు ఎన్ని డిగ్రీలు లేచిందో నోటుబుక్కులో రాసుకునేవాడు. ఫుట్‌బాల్లో బంతి అనే వస్తువు కూడా ఉంటుందని ఆ శిక్షణలో చెప్పినట్టు లేదు.

కడపలో ఆడబోయే మ్యాచికి జట్టును ఆ పుస్తకమే ఎంచాలి. ఎడమకాలితో తన్నేవాళ్లం ఇద్దరమే: నా గదిలో ఉండే కోడుమూరు వైపు రైతుబిడ్డ, నేను. అతను రెండేళ్లుగా మా లెఫ్టౌట్, ఎడమ అంచున ఆడేవాడు. గులకరాళ్ల మైదానంలో వట్టికాళ్లతో, బంతిని కాలికి అంటించుకున్నట్టు పరిగెత్తేవాడు. ఆ మ్యాచి తర్వాత చదువు మాని ఊళ్లో సేద్యానికి పోవాలి. అతనికి అదే ఆఖరి ఆట. నేను రిజర్వు. గీత బయట కూర్చుని ఆడేవాళ్లకు వంకలు పెట్టడం నా ఆట.

కొలతలకు ముందు వాన పడింది. మా సీమలో వాన పడితే పరీక్షలున్నా ఎవరూ ఆగరు, నేల పదును ఆరిపోతుంది. అతను ఊరికి పోయి మూడు రోజులు గొర్రు పట్టి విత్తనం వేసి, తిరిగొచ్చిన పొద్దునే పట్టీ కట్టించుకున్నాడు. కాలు లేవలేదు. ఏ పనీ ఎరగని నా కాలు పలక దాటిపోయింది.

"సార్, గొర్రు ఎంబడి తిరిగి తొడలు పట్టుకున్యాయి. నాలుగు దినాలాగి చూడండి."

"కాటాకు నీ సేద్యంతో ఏం పనప్పా? ముల్లు చెప్పిందే లెక్క."

నా పేరు రాశాడు. అది విని మా గోల్‌కీపరు, "ఇంగ ఆడేదెందుకు? బంతి కడపోళ్లకే ఇచ్చి వద్దాం" అన్నాడు.

నా గదివాడు రెండు పూటలు అన్నం ముందర కూర్చుని లేచిపోయాడు. ఏడ్చి ఉంటే ఎగతాళి చేసేవాణ్ణి. ఏడవలేదు, నాకు పని లేకుండా పోయింది.

బయల్దేరే ముందురోజు మాస్టరు దగ్గరికి పోయి, "సార్, నా కాలికి ఇంకా బలమొచ్చినట్టుండాది, కొలుస్తారా?" అన్నాను. ఆయన ముఖం పెళ్లింటిలా వెలిగింది. పట్టీ కట్టాడు. కాలిని తడిగుడ్డలా ఆడించాను. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. మూడుసార్లు చూశాడు. కాటాను తట్టాడు. నన్ను మాత్రం అనుమానించలేదు. మనిషి నటిస్తాడనే సంగతి ఆయన కొలతల్లో లేదు. నా పేరు కొట్టేసి అతని పేరు రాశాడు.

"కావాలనే చేసినావు గదా?" అన్నాడు అతను, గదిలో పెట్టె సర్దుకుంటూ.

"నాకు ఆడేకి రాదప్పా. నీకు తెల్దా?"

"తెల్సులే."

కాస్త మొహమాటపడి ఉంటే బాగుండేది.

కడపలో ఓడిపోయాం. మా తరఫున పడిన ఒక్క గోలు అతనిదే, మైదానం మూల నుంచి, ఒళ్లంతా పక్కకు వంచి తన్నిన వంకర తన్నుతో. మాస్టరు పుస్తకం తెరిచి, అది ఎన్ని డిగ్రీలుంటుందని నన్ను అడిగాడు. చప్పట్లు కొడుతున్నాను, వినబడలేదన్నాను.